కోల్ బెల్ట్‌లో నాన్న కట్టిన ఇల్లు, అందులో కిరాయిదారు: అమ్మాలంటే ఏం చేయాలి?

మీ నాన్న సింగరేణి బాయిలో (బొగ్గు గనిలో) పనిచేసినన్నాళ్లు కూడబెట్టి కట్టిన ఇల్లు. ఆయన లేరు, అమ్మ మీ దగ్గరే ఉంటోంది. మీరు హైదరాబాద్‌లోనో పుణెలోనో డల్లాస్‌లోనో ఉంటారు. ఇంట్లో ఎవరో కిరాయికి ఉంటున్నారు, నెలనెలా నాలుగైదు వేలు ఫోన్‌పేలో పడుతున్నాయి. ఇప్పుడు ఆ ఇల్లు అమ్ముదామనుకుంటున్నారు.

మాది బెల్లంపల్లి. మా ఇల్లు అమ్మడానికి నాలుగు నెలలు చాలనుకున్నాం, పద్దెనిమిది నెలలు పట్టింది. అందులో కిరాయిదారు వల్ల ఆలస్యమైంది మూడు వారాలు. మిగతాదంతా మా కాగితాల వల్ల, మా ఇంట్లోవాళ్ల వల్ల. అయినా ఆ పద్దెనిమిది నెలలూ అందరం ఒకటే పాట పాడాం: "కిరాయికి ఉన్నవాళ్లు ఖాళీ చేస్తే గానీ అమ్ముడుపోదు." అది తప్పని తర్వాత తెలిసింది. మేం చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉండాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

1. మొదటి ఫోన్ కిరాయిదారుకు చేయండి

ఏజెంట్‌కు కాదు, బావమరిదికి కాదు. మేం ముందు ఒక తెలిసిన ఏజెంట్‌కు చెప్పాం. చిన్న ఊరు కదా, పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి చాయ్ హోటల్‌కు చేరింది. రాత్రి తొమ్మిదింటికి మా కిరాయిదారు ఫోన్ చేశాడు.

"అన్నా, ఇల్లు అమ్ముతున్నరట గదా. మాకు ఒక్క మాట చెప్పకపోతిరి. పిల్లల బడి నడిమిట్ల ఉన్నది, మేమెక్కడికి పోవాలె?"

కోపంగా అనలేదు. కానీ ఆ తర్వాత మూడు వారాలు ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా తాళమే కనబడింది. తప్పు మాదే.

అమ్మకానికి పెట్టిన ఇల్లు చూపించేది మీరు కాదు. మీరు మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. గేటు తీసేది, నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందో చెప్పేది, "వానాకాలం ఈ గోడ చెమ్మ పడుతుందా?" అంటే జవాబిచ్చేది ఆయనే. ఆయన మొహం ముడుచుకున్నా, నవ్వుతూ మంచినీళ్లిచ్చినా ధర మీద తేడా కనబడుతుంది.

ఫోన్‌లో నాలుగు విషయాలు తేల్చి చెప్పండి. ఇల్లు అమ్మాలనుకుంటున్నాం. అమ్మినా ఫలానా నెల దాకా మిమ్మల్ని కదిలించం (పిల్లలు బడికి పోతుంటే ఏప్రిల్ దాకా అనండి, ఆ మాట మీద నిలబడండి). మీ అడ్వాన్స్ పైసా పోదు. ఇక నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీరే కొనుక్కుంటారా?

ఆఖరి ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు. కోల్ బెల్ట్‌లో కిరాయి ఇళ్లలో ఉండే చాలామందికి నెల జీతం ఉంటుంది, బ్యాంకు లోన్ వస్తుంది, ఇంటి మంచీచెడూ మీకంటే బాగా తెలుసు. ఏజెంట్ కమీషన్ కూడా మిగులుతుంది. ఆయన కొనకపోయినా తోటి కార్మికుల్లో ఎవరు వెతుకుతున్నారో ఆయన చెవిన పడుతూనే ఉంటుంది.

ఇల్లు చూపించే టైమ్‌ను ఆయన షిఫ్టును బట్టి పెట్టుకోండి. మొదటి షిఫ్టు పొద్దున ఏడు నుంచి మూడు, రెండోది మూడు నుంచి రాత్రి పదకొండు, తర్వాత నైట్ షిఫ్టు. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మనిషిని పొద్దున పదింటికి లేపి "బెడ్రూమ్ చూపించు" అంటే ఎవరికైనా మండుతుంది. వారానికి రెండు రోజులు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు, ముందు రోజు ఫోన్ చేసి రావాలి. ఇంతే నియమం. చూపించే నెలల్లో కిరాయి ఓ ఐదొందలు తగ్గించి తీసుకోండి. ఆ ఐదొందలకు వచ్చే పని ఏ ఏజెంటూ చేయడు.

2. ఇల్లు ఎలాంటి నేల మీద ఉందో తేల్చుకోండి

హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మిన అనుభవం ఇక్కడ పనికిరాదు. కోల్ బెల్ట్‌లో పక్కపక్క వీధుల్లో ఉన్న రెండు ఇళ్ల కింద నేల రెండు రకాలుగా ఉండొచ్చు. ధర చెప్పేముందు మీది ఏ రకమో తెలియాలి.

మొదటిది పట్టా భూమి. రైతు దగ్గర ప్లాటు కొని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకున్న భూమి. మీ నాన్న పేరు మీద దస్తావేజు, అంతకుముందువాళ్ల లింక్ డాక్యుమెంట్లు ఉంటే మీరు అదృష్టవంతులు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల జాబితా) దొరుకుతుంది, తీసి చూసుకోండి. ఎప్పుడో నాన్న పెట్టిన తనఖా తీరిపోయినా ఈసీలో అలాగే ఉండిపోవడం మామూలే. బ్యాంకు నుంచి రిలీజ్ తెచ్చుకోవాల్సి వస్తుంది.

రెండోది సింగరేణి బొగ్గు కంపెనీ భూమి మీద కట్టుకున్న ఇల్లు. గనులు తవ్వినంతకాలం చుట్టూ కార్మికులు గుడిసెలు వేసుకున్నారు, అవి పెంకుటిళ్లయ్యాయి, తర్వాత స్లాబులయ్యాయి. ఇలాంటి భూముల్ని కంపెనీ రెవెన్యూకు అప్పగించాక, జీవో 76 కింద ఏళ్లుగా ఉంటున్నవాళ్లకు క్రమబద్ధీకరించి పట్టాలిచ్చారు. మీ ఇంటికి ఆ పట్టా ఉంటే అందులోని షరతులు ప్రతి లైనూ చదవండి, తర్వాత వకీలుతో చదివించండి. పట్టా లేకపోతే మీ చేతిలో ఉన్నది ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మాత్రమే. అవి మీరు అక్కడ ఉంటున్నారని చెబుతాయి గానీ నేల మీదేనని చెప్పవు.

మూడోది ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ స్థలం. 1977 చట్టం ప్రకారం దాని బదలాయింపు చెల్లదు. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో రిజిస్ట్రేషన్ సైట్‌లోనే కనబడుతుంది.

నాలుగోది ఏజెన్సీ. మణుగూరు, మందమర్రి లాంటి చోట్ల మున్సిపాలిటీ బోర్డు ఉండి, బ్యాంకులు, సినిమా హాళ్లు అన్నీ ఉన్నా నేల షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి వస్తుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు, మనం 1/70 అంటాం కదా, అదే. అక్కడ గిరిజనేతరులు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. సుప్రీంకోర్టు 1988లో ఆ నిబంధనను సమర్థించింది కూడా. "అందరూ నోటరీ మీద కొంటున్నరు, నడుస్తది" అని ఎవరైనా చెబుతారు. నడిచేది చేతులు మారే డబ్బు ఒక్కటే, హక్కు నడవదు. నా సలహా అడిగితే, అలాంటి చోట అమ్మకం ఆలోచన పక్కన పెట్టి కిరాయి తీసుకుంటూ ఉండండి. గిరిజన కుటుంబానికి అమ్మే వీలుంటే అది వేరు, అప్పుడు కలెక్టరేట్ తలుపు తట్టాలి.

ఇవన్నీ కాకుండా సాదాబైనామాలు ఉండనే ఉన్నాయి. తెల్లకాగితం మీదో, యాభై రూపాయల స్టాంపు మీదో రాసుకుని, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించుకున్నవి. మా వీధిలో సగం ఇళ్లవి అవే. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కాబట్టి ఆ కాగితంతో మీరు యజమాని కాలేదు. అప్పుడు అమ్మినవాళ్లు గానీ వాళ్ల వారసులు గానీ దొరికితే, ముందు వాళ్లతో మీ పేరున రిజిస్ట్రేషన్ చేయించుకోండి. వాళ్లు కొంత డబ్బు అడుగుతారు. ఇచ్చుకోక తప్పదు, ఎందుకంటే అది లేకుండా ఏ బ్యాంకూ మీ ఇంటికి లోన్ ఇవ్వదు. లోన్ రాని ఇంటికి కొనేవాళ్లు పదిమందిలో ఇద్దరు మిగులుతారు.

3. ఇంట్లోవాళ్లందరి సంతకాలు

మాకు పద్నాలుగు నెలలు ఇక్కడే పోయాయి, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

బాయి కుటుంబాల్లో ఒక నోటి ఒప్పందం ఉంటుంది. నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయ్యారు, ఆయన బదులు ఇచ్చే డిపెండెంట్ ఉద్యోగం ఒక కొడుకుకు వచ్చింది. "ఉద్యోగం తమ్ముడికి పోయింది కాబట్టి ఇల్లు అన్నది." నలుగురు పెద్దమనుషుల ముందు అనుకుంటారు, అందరూ తలూపుతారు. ఆడపిల్లల ఊసే రాదు. "కట్నం ఇచ్చినం గదా" అని సరిపెడతారు.

చట్టానికి ఈ లెక్కలేవీ తెలియవు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం, నాన్న వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు అందరికీ సమాన వాటా. నానమ్మ బతికుంటే ఆమెకు కూడా. ఉద్యోగం ఎవరికి వచ్చిందన్నది అక్కడ లెక్కలోకే రాదు. మా తమ్ముడు ఏనాడూ ఇల్లు అడగలేదు, కానీ సంతకానికి వచ్చేసరికి వాళ్లావిడ అడిగింది: "ఉద్యోగం చేసింది ఆయన, మోకాళ్లు అరిగింది ఆయనవి. ఇంట్ల వాటా ఎందుకు వదులుకోవాలె?" ఆమె అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు. అదే మాట ఇల్లు అమ్మకానికి పెట్టకముందు మేం అడిగి ఉంటే ఒక్క పూటలో తేలేది. కొనేవాడు బయానా ఇచ్చాక అడిగేసరికి ఏడాది నడిచింది, ఆ కొనేవాడు వెళ్లిపోయాడు.

కాబట్టి వరస ఇది. మీసేవలో తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. మరణ ధ్రువపత్రంలో నాన్న పేరు, దస్తావేజులో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో చూడండి. బాయిలో పేరు ఒకటి, ఊళ్లో పేరు ఒకటి ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు. తర్వాత అందరూ ఒక చోట కూర్చుని, ఎవరికి ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. ఎవరైనా వాటా వద్దంటే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాయించండి, లేదా అమ్మకం దస్తావేజులో అందరూ అమ్మేవాళ్లుగా సంతకం పెట్టండి. రెండోదే తేలిక, ఖర్చూ తక్కువ. అక్కచెల్లెళ్ల సంతకం "తర్వాత చూద్దాం" అని వదిలేయకండి. ఏ బ్యాంకు వకీలైనా అడిగే మొదటి ప్రశ్న అదే.

విదేశంలో ఉన్నవాళ్లు భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు బీరువాలో పడేసి మర్చిపోతే మళ్లీ మొదటికొస్తుంది.

4. కిరాయి కాగితం, చట్టం

చాలా ఇళ్లకు కిరాయి ఒప్పందమే ఉండదు. "నమ్మకం మీద ఇచ్చినం" అంటారు. నమ్మకం మంచిదే, కానీ కొనేవాడికి మీ నమ్మకంతో పనిలేదు. ఇప్పుడైనా ఒక పదకొండు నెలల ఒప్పందం రాసుకోండి: ఎప్పటి నుంచి ఉంటున్నారు, కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, ఇల్లు అమ్ముడైతే ఎన్ని నెలల గడువు. పదకొండు నెలలు రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు, కానీ మన దగ్గర గడువు ఎంతైనా కిరాయి ఒప్పందానికి రిజిస్ట్రేషన్ కావాలి, వకీలును అడిగి చూసుకోండి.

ఇద్దరికీ ఉండే భయాలు కొన్ని తీర్చేద్దాం.

ఇల్లు అమ్మినంత మాత్రాన కిరాయి ఒప్పందం రద్దు కాదు. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కొన్నవాడు మీ స్థానంలోకి వస్తాడు. కిరాయి తీసుకునే హక్కూ, ఒప్పందాన్ని గౌరవించే బాధ్యతా రెండూ ఆయనవే. కాబట్టి కిరాయిదారు ఉండగానే ఇల్లు అమ్మొచ్చు.

"పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదే అయిపోతుంది" అన్నది మీ మేనమామ చెప్పే కథ. కిరాయి కడుతూ మీ అనుమతితో ఉంటున్న మనిషి ఎన్నేళ్లున్నా కిరాయిదారే. మిమ్మల్ని యజమానిగా ఒప్పుకుని ఇంట్లో చేరినవాడు, ఉంటూనే మీరు యజమాని కాదనడం కుదరదు. అయితే ఏళ్ల తరబడి కిరాయి తీసుకోకుండా, కాగితం లేకుండా చుట్టాన్ని ఉంచారంటే అది వేరే తలనొప్పి.

నెలనెలా కిరాయికి రాతపూర్వక ఒప్పందం లేకపోతే ఖాళీ చేయించడానికి పదిహేను రోజుల నోటీసు చాలని ఆ చట్టంలోనే ఉంది. కానీ మున్సిపాలిటీ పరిధిలో, కిరాయి బాగా తక్కువగా ఉన్న పాత ఇళ్లకు 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించవచ్చు. అది వర్తిస్తే ఆ చట్టంలో రాసిన కారణం ఏదో ఒకటి చూపించాలి, "అమ్ముతున్నాను" అన్నది ఆ కారణాల్లో లేదు. పదిహేనేళ్ల నుంచి అదే కిరాయికి ఉంటున్నవాళ్లు ఉంటే ఒకసారి వకీలును కలవండి. ఏది వర్తించినా కరెంటు కోయించడం, తాళం మార్చడం లాంటి పనులు చేయకండి. కేసు మీ మీదికి తిరుగుతుంది, పైగా ఊళ్లో మీ నాన్న పేరు పోతుంది.

5. గోడలు చూడండి, కిరాయిదారును అడగండి

ఓపెన్‌కాస్ట్ గనుల (పైనుంచి తవ్వే బొగ్గు గనుల) దగ్గరి ఊళ్లలో కొనేవాడు వచ్చి ముందు చూసేది గోడల పగుళ్లే. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు గలగలమనే ఊళ్లలో అది సహజం. బ్లాస్టింగ్ అదురుకు గనుల భద్రతా డైరెక్టరేట్ పరిమితులు పెట్టింది. కంపెనీవి కాని మామూలు ఇళ్ల దగ్గర, తక్కువ ఫ్రీక్వెన్సీలో అది సెకనుకు 5 మిల్లీమీటర్లు మించకూడదు. కానీ కొనేవాడికి ఆ లెక్క చెబితే వినడు. ఆయన వేలు పెట్టి పగులు చూస్తాడు.

ప్లాస్టర్ మీద వెంట్రుకలాంటి గీతలు దాదాపు ప్రతి పాత ఇంట్లో ఉంటాయి, వాటితో భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు, వేలిగోరు దూరేంత వెడల్పు, గోడకు రెండు వైపులా కనబడటం: ఇవి ఉంటే ఇంజనీరును పిలవాలి. నల్లరేగడి నేలల్లో పునాది కదలడం వల్ల కూడా ఇలాంటివి వస్తాయి, అన్నిటికీ బ్లాస్టింగే కారణం అనుకోకండి.

పగులు పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నదే అసలు ప్రశ్న. మా కిరాయిదారు మైనింగ్ సర్దార్. బాయిలో పైకప్పు, పక్కగోడలు చూసి అలవాటైన కళ్లు. వంటింటి గోడలో పగులు ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ రాసిపెట్టాడు. నాలుగు గీతలు, మొదటి దానికీ నాలుగో దానికీ మధ్య మూడేళ్లు. నాలుగూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అంటే మూడేళ్లలో పగులు గోరంత కూడా కదల్లేదు. మేం సున్నం వేయించి దాచేద్దామనుకున్న గోడ అది. ఆయనే ఆపాడు: "ఉండనీయన్నా, ఇది చూస్తెనే కొనేటోనికి ధైర్యం." చివరికి కొన్నాయన వాటిని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

మీరూ ఇవాళే గీతలు గీయించండి. అమ్మకానికి ఆరు నెలలు పడుతుంది కదా, ఆ ఆరు నెలల సాక్ష్యం దొరుకుతుంది. రిపేర్లకు ఎక్కువ ఖర్చు పెట్టకండి. నల్లా లీకేజీ, విరిగిన గడియ, స్లాబు మీద నీళ్లు నిలిచే చోటు, ఇవి చాలు.

6. ధర, కొనేవాడు, కాలం

"నెలకు కిరాయి వస్తోంది కదా" అని ధర పెంచి చెప్పేవాళ్లున్నారు. లెక్క చూడండి. ఇల్లు 18 లక్షలు, కిరాయి నెలకు 4,500. ఏడాదికి 54 వేలు, అంటే 3 శాతం. బ్యాంకులో డిపాజిట్ వేసుకుంటే ఇంతకంటే ఎక్కువే వస్తుందని రిటైర్ అయిన ఏ కార్మికుడైనా మీకే చెబుతాడు. కాబట్టి ధర గజాల మీద, రోడ్డు వెడల్పు మీద, కాగితాల మీద వస్తుంది, కిరాయి మీద రాదు.

కొనేవాళ్లు మూడు రకాలు. మీ కిరాయిదారు, ఆయన గురించి చెప్పాను. పెట్టుబడిగా కొనేవాళ్లు, వాళ్లకు మంచి కిరాయిదారు ఉంటే సంతోషమే. అందరికంటే గట్టివాళ్లు రిటైర్ కాబోయే కార్మికులు. సింగరేణిలో 61 ఏళ్లకు రిటైర్మెంట్. అప్పటిదాకా క్వార్టర్‌లో ఉన్న కుటుంబం క్వార్టర్ ఖాళీ చేయాలి, చేతిలో సీఎంపీఎఫ్ (గని కార్మికుల పీఎఫ్), గ్రాట్యుటీ డబ్బు ఉంటుంది, ముప్పై ఏళ్లు ఉన్న ఊరు వదిలి పోబుద్ధి కాదు. వీళ్లకు ఖాళీ ఇల్లు కావాలి, కానీ రేపే అక్కర్లేదు. రిటైర్మెంట్ ఆర్నెల్లు ఉందంటే ఆ ఆర్నెల్లు మీ కిరాయిదారుకూ గడువే. రెండు తేదీలూ కలిసేలా చూడండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక కాలం. దసరా ముందు కార్మికులకు లాభాల వాటా పడుతుంది. 2023-24 లాభాల్లో విస్తరణకు తీసిపెట్టగా మిగిలినదాంట్లో 33 శాతం, 796 కోట్లు పంచారు, సగటున మనిషికి లక్షా తొంభై వేలు. దాంతో ఇల్లు రాదు గానీ బయానా వస్తుంది. ఆగస్టుకల్లా కాగితాలు సిద్ధం చేసుకుని, దసరాకు ఊళ్లో ఉండండి. పండక్కి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకదు, ముందే చూసుకోండి.

7. బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా

బయానా నగదుగా తీసుకోకండి. ఇల్లు అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను వాళ్లు అంత మొత్తం జరిమానా వేయొచ్చు, అదీ తీసుకున్నవాళ్ల మీద. మన దగ్గర సంచిలో డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టడం గొప్పగా చెప్పుకుంటారు. నవ్వి, అకౌంట్ నంబరు ఇవ్వండి.

అమ్మకం ఒప్పందంలో కిరాయిదారు సంగతి ఒక పేరా రాయించండి: ఫలానా ఆయన ఇంత కిరాయికి, ఇంత అడ్వాన్స్‌తో ఉంటున్నారు, కొనేవారికి ఈ సంగతి తెలుసు, ఫలానా తేదీకి ఖాళీ చేస్తారు లేదా కొనసాగుతారు. అడ్వాన్స్‌ను అమ్మకం ధరలో తగ్గించి కొనేవాడికి అప్పజెప్పండి, అది కూడా అందులోనే రాయండి.

రిజిస్ట్రేషన్ రోజు ఒక్క లైను కోసం కళ్లు పెట్టి చూడండి. డాక్యుమెంట్ రైటర్ల దగ్గర ఏళ్ల నాటి నమూనా ఉంటుంది: "సదరు ఇంటిని ఈ దినమే మీకు ఖాళీ స్వాధీనం చేసినాము." ఇంట్లో కుటుంబం అన్నం తింటుంటే ఖాళీ స్వాధీనం ఎక్కడిది? రేపు కిరాయిదారు గడువుకు కదలకపోతే, కొన్నాయన ఆ లైను పట్టుకుని మీ మీదికి వస్తాడు. "కిరాయిదారు ఉండగా, ఆ హక్కులకు లోబడి స్వాధీనం" అని మార్పించండి. రైటర్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, కొనేవాడు కట్టుకుంటాడు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు 1 శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే పన్ను) పట్టుకోవాలి. అయితే అమ్మేవాళ్లలో ఎన్నారై ఉంటే ఆ 50 లక్షల గీత వర్తించదు, ఆయన వాటా మీద పట్టే టీడీఎస్ చాలా ఎక్కువ. తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ కోసం ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు సంపాదించిన ఇల్లయితే, ఇండియాలో ఉండేవాళ్లు ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి చూసి) 20 శాతం లెక్కేసుకుని, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. నాన్న ఇల్లు 2001 ఏప్రిల్‌కు ముందుదైతే అప్పటి విలువను అసలు ధరగా తీసుకునే వీలుంది. ఆడిటర్‌తో ఒక గంట కూర్చోండి.

8. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు

కిరాయిదారుకు ఒక ఉత్తరం ఇవ్వాలి. ఇది లేకపోతే ఆయన పాత అలవాటు ప్రకారం మీకే కిరాయి పంపుతుంటాడు. అమ్మకం సంగతి తెలియక మీకు కట్టిన కిరాయిని కొత్త ఓనర్ మళ్లీ అడగలేడు, అప్పుడు పేచీ మీకూ ఆయనకూ మధ్య వస్తుంది. మేం రాసింది ఇంతే:

"శ్రీ … గారికి. మీరు కిరాయికి ఉంటున్న ఇంటి నం. … ను తేదీ … న రిజిస్టర్డ్ దస్తావేజు ద్వారా శ్రీ … గారికి అమ్మినాము. ఈ నెల నుంచి కిరాయి వారికి చెల్లించగలరు. మీరు మాకిచ్చిన అడ్వాన్స్ రూ. … వారికి అప్పగించినాము, ఖాళీ చేసేటప్పుడు వారే తిరిగి ఇస్తారు. నేటి వరకు కిరాయి బాకీ ఏమీ లేదు."

కింద మూడు సంతకాలు: మీది, కొన్నాయనది, కిరాయిదారుది. మూడు కాపీలు. ఆ రోజే కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసి ముగ్గురి వాట్సాప్‌లో పెట్టండి. సర్వీస్ నంబరు మీద పాత బాకీ ఏమైనా ఉందేమో చూసి కట్టేయండి. మీటర్ పేరు మార్చడం, ఇంటి పన్ను పేరు మార్చడం కొన్నాయన పని, కానీ నాన్న పేరున ఉన్న పాత రసీదులు ఆయనకు అప్పగిస్తే పని తేలికవుతుంది.

ఇంకొకటి. కిరాయికిచ్చిన ఇళ్లలో చాలామంది ఒక గదికి తాళం వేసి, సొంత సామాను అందులో పడేస్తారు. మేమూ వేశాం. ఆ గదిని రిజిస్ట్రేషన్‌కు ఒక నెల ముందే ఖాళీ చేయండి, చివరి రోజుకు పెట్టుకోకండి. మేం చివరి రోజుకే పెట్టుకున్నాం. ఇత్తడి బిందెలు అక్క తీసుకుంది, మంచం పట్టెలు పక్కింటివాళ్లకిచ్చాం. సజ్జ మీద నాన్న బాయి బూట్లు, నల్లబడ్డ బెల్టు, రేకు టిఫిన్ డబ్బా మిగిలాయి. ఎవరం ముట్టుకోలేదు. సాయంత్రం కిరాయిదారు స్టూలు వేసుకుని ఎక్కి, ఒక్కొక్కటీ దించి, తుడిచి, ఓ బస్తాలో కట్టి మా కారు డిక్కీలో పెట్టాడు.

"బూట్లు ఇడిచిపెట్టకుండ్రన్నా," అన్నాడు. "కొత్తోళ్లకు అవి చెత్తనే గదా."

తమ్ముడు బూట్లు తీసుకుని మణుగూరు బస్సెక్కాడు.